చేతులు కలిపిన డబ్బా

మొన్న ఆదివారం మా ఆవిడ ఊళ్ళో లేదు, ఫ్రిజ్‌లో చూస్తే పెరుగు తప్ప ఏమీ లేదు. అల్మరాలో వెతుకుతుంటే ఎప్పుడో ఇక్కడ వాషింగ్టన్ పక్కన ఊరు ఫాల్స్ చర్చ్‌లో లెబనాన్ వాళ్ళ కొట్లో కొన్న బుల్గర్ పాకెట్ చేతికి తగిలింది. బుల్గర్ అంటే చూడ్డానికి మన గోధుమ రవ్వ లాగే ఉంటుంది గానీ అది కాదు, గోధుమల్ని ముందు ఉడకబెట్టి ఎండబెట్టి ఆ తర్వాత పగలగొడతారు. సరే ఉప్మా చేసుకుందాంలే అని మూకుట్లో సోయా నూనె పోసి తాలింపు పెట్టి నీళ్ళు మరిగాక అది పోసి మూత పెట్టా. మూత తీయంగానే ఒక ఆవిరి కొట్టింది చూడండీ, అరవై దాటిన మనిషిని గరిటె పట్టుకుని పొయ్యి ముందు బొమ్మలా నిలబడిపోయా.

అది మా బడి వాసన. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు గోధుమ రవ్వ ఉప్మా తిన్నానో లెక్కలేదు, ఆ వాసన ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది, అప్పుడు మాకు పెట్టింది రవ్వ కాదు, బుల్గర్. నూనె కూడా వేరుశనగ నూనె కాదు.

ఆ వాసన వెంట ఏవేవో వచ్చాయి. కొన్నాళ్ళ నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నా, నేను పనిచేసిన యూఎస్ఎయిడ్ (బయటి దేశాలకి సాయం చేసే అమెరికా ప్రభుత్వ ఏజెన్సీ) గురించి, అందులో కొత్త పెద్దాయన చార్జి తీసుకున్నప్పుడల్లా కింద ఉన్న మాలాంటి వాళ్ళకి ఏం కనపడేదో. ఇప్పుడు ఆ ఆఫీసే లేదు. సరే, మొదట ఉప్మా సంగతి.

మాది కనిగిరి వైపు పల్లె. మెట్ట. ఇంట్లో సజ్జ సంగటో జొన్న సంగటో, వరి బువ్వ పండక్కీ చుట్టాలొస్తేనూ. బడి పక్కన తాటాకు పాక, అందులో రెండు పొయ్యిలు, సర్కారు తుమ్మ కట్టెలు, ఆ పొగకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండే వంటవ్వ. పదకొండు అయ్యేసరికి వాసన మొదలయ్యేది, ఇక పదమూడో ఎక్కం ఎవడికి గుర్తుంటుంది, అయ్యోరు కూడా బెత్తం బల్ల మీద పెట్టేసి బయటికి చూసేవాడు. గంట అంటే రైలు పట్టా ముక్క, దాన్ని ఇనుప కడ్డీతో కొడితే అందరం సత్తు పళ్ళేలు పట్టుకుని ఒకటే పరుగు. తొందరగా వెళ్ళినోడికి మాడు దొరకదు, చివర వెళ్ళినోడికే దొరుకుద్ది, అందుకని తెలివైనోళ్ళు వెనకాలే నిలబడేవాళ్ళు. నేను ఎప్పుడూ ముందే.

ఇంకో సంగతి. సంచులు, నూనె డబ్బాలు ఎక్కడో ఓడ దిగి లారీ ఎక్కి వచ్చేవి, కేర్ అనే అమెరికా సేవా సంస్థ వాళ్ళ ద్వారా. ఉప్పు మాత్రం రాదు. ఉప్పు, మిరపకాయలు, కట్టెలు ఊళ్ళో నుంచి రావాలి. వంతుల వారీగా పిల్లలం తలో గుప్పెడు ఉప్పు రాళ్ళు కాగితంలో చుట్టుకుని తెచ్చేవాళ్ళం. వంతు వచ్చినోడు మర్చిపోయాడా ఆరోజు ఉప్మా చప్పిడి. మామూలు రోజుల్లో కూడా అవ్వ తక్కువే వేసేది, రేపటికి దాచుకోవాలిగా. సోమవారం మా వంతు అయితే మా అమ్మ రెండు గుప్పిళ్ళు ఇచ్చి పంపేది, ఆరోజు కాస్త రుచిగా ఉంటే అవ్వ నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసేది. మా ఇంట్లో లంచం అంటూ ఎవరైనా ఇచ్చారంటే అదే.

డబ్బా మీద బొమ్మ ఉండేది. డాలు ఆకారం, పైన నక్షత్రాలు, కింద ఎర్ర గీతలు, మధ్యలో రెండు చేతులు కలుపుకుని. గోనె సంచుల మీదా అదే. కింద ఇంగ్లీషులో ఏదో ఉంటే అయ్యోరు చదివి చెప్పాడు, ఇది అమెరికా ప్రజలు ఇచ్చింది, అమ్మకూడదు మార్చుకోకూడదు అని. ఆ మాట మా అందరికీ ఎంత నచ్చిందంటే గోళీల ఆటలో కూడా "అమ్మకూడదు మార్చుకోకూడదు" అనేవాళ్ళం. ఆ రెండు చేతుల్లో అమెరికాది ఏది, మనది ఏది అని పెద్ద తగువు. రెండూ ఒకేలా ఉండేవి మరి. మా పక్కింటోడు ఒకటి కెనడీది ఇంకోటి వంటవ్వది అని తేల్చేశాడు, అవ్వకి చెబితే మూతి తిప్పి, నా చేతికి అంత నున్నని చర్మం ఎక్కడిదిరా అంది.

ఖాళీ డబ్బా ఒకటి మా ఇంటికొచ్చింది. ఎట్లా వచ్చిందంటే మా అమ్మ అవ్వకి రెండు సోలల సజ్జలు పోసి తీసుకుంది. అంటే మార్చుకుంది. అయ్యోరికి తెలిస్తే ఏమవుద్దో అని నాకు భయం. మూత కోయించి, తుడిచి ఎండబెట్టి, జంతికల డబ్బా చేసింది.

మా నాయనకి ఆ డబ్బా అంటే గిట్టేది కాదు. ఆయన 1965, 66 కరువు చూసిన మనిషి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానమంటే మానేసి, శాస్త్రి గారు పోయినా మా నాయన సోమవారం మాత్రం పోలేదు, చివరిదాకా ఆ పూట మజ్జిగే. పీఎల్ 480 గోధుమల సంగతి ఎత్తితే ముఖం ముడుచుకునేవాడు. అది 1954లో అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం, అక్కడ మిగిలిపోయిన ధాన్యం బయటి దేశాలకి పంపడానికి. కరువు ఏళ్ళలో ప్రెసిడెంట్ జాన్సన్ గారు ఓడ ఓడకీ లెక్క చూసి కొంచెం కొంచెం వదిలేవాడు, మన ప్రభుత్వం వియత్నాం మీద ఏం మాట్లాడుతోందో కూడా చూసుకుని. "ఓడ వస్తేనే పొయ్యి వెలిగే బతుకు ఒక బతుకా" అనేవాడు నాయన. "పిల్లోళ్ళ కడుపు నిండుతోందిగా, నీ పౌరుషం ఉడకేసి పెడతావా" అనేది అమ్మ. ఇద్దరిదీ నిజమే అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నేను తర్వాత చేరిన ఆ యూఎస్ఎయిడే రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళని తోడు పంపింది. అది నాయనకి చివర్లో చెప్పా. "అట్టాంటిది ముందు చెప్పాలిరా" అన్నాడు.

మా మామయ్య కనిగిరి తాలూకాఫీసులో గుమాస్తా. ఎండాకాలం సెలవులకి వాళ్ళింటికి వెళ్తే ఆఫీసుకి తీసుకెళ్ళేవాడు. ఒకసారి కొత్త తాసిల్దారు చార్జి తీసుకునే రోజు పడింది. పొద్దున్నే వరండా కడిగి ముగ్గేశారు, ఫైళ్ళకి ఎర్ర గుడ్డ కొత్తది చుట్టారు, కుర్చీ మీద టవలు మార్చారు. జీపు ఆగంగానే అందరూ వరసగా నిలబడి ఒక్కొక్కరు ఒక్కో నిమ్మకాయ చేతిలో పెట్టి దణ్ణం పెట్టారు. కరణాలు, మునసబులు, కాంట్రాక్టర్లు, అందరివీ నిమ్మకాయలే. సాయంత్రానికి బల్ల మీద కుప్ప. నాకు ఆశ్చర్యం, అన్ని నిమ్మకాయలు ఏం చేసుకుంటాడు అని. మామయ్య నవ్వి, "పెద్దమనిషి దగ్గరికి ఒట్టి చేతుల్తో వెళ్ళకూడదు అబ్బాయా, వాడు మంచోడో చెడ్డోడో ఇంకా తెలియదు, నిమ్మకాయ అయితే నష్టం లేదు" అన్నాడు. రాత్రి ఇంటికొచ్చాక అత్తతో అంటున్నాడు, "మొదటి వారం చూడాలి, ఏ ఫైలు ముందు అడుగుతాడో దాన్ని బట్టి ఉంటుంది వాడి సంగతి." ఆ మాట ఎందుకో నా బుర్రలో ఉండిపోయింది.

తొంభైల చివర వైటూకే (2000 సంవత్సరం కంప్యూటర్ల తేదీల గొడవ) హడావుడిలో అందరితో పాటు నేనూ అమెరికాకి వచ్చిపడ్డా. ఆ పని అయిపోయాక ఒక కాంట్రాక్టు కంపెనీ ద్వారా వాషింగ్టన్‌లో ఏదో ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ పని అన్నారు, ఏ ఆఫీసో కూడా సరిగ్గా అడగలేదు. ఫెడరల్ ట్రయాంగిల్ మెట్రోలో దిగి రోనాల్డ్ రీగన్ బిల్డింగ్‌లోకి వెళ్ళా. ఊరంత బిల్డింగ్. సెక్యూరిటీ లైనులో నిలబడి తల ఎత్తితే గోడ మీద అవే రెండు చేతులు.

వెనకాల వాళ్ళు దాటుకుని పోతున్నారు, గార్డు వచ్చి లైన్లో ఉన్నారా లేదా అని అడిగాడు. ఏం చెప్పను. ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఊరికి ఫోన్ చేశా. "మన జంతికల డబ్బా మీద బొమ్మా? డబ్బా ఇంట్లోనే ఉంది, బొమ్మే కొంచెం పోయింది" అంది అమ్మ. తర్వాత అడిగింది, "వాళ్ళు జీతం టయానికి ఇస్తారా?"

యూఎస్ఎయిడ్ సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. 1961లో కెనడీ పెట్టిన ఏజెన్సీ, అమెరికా ప్రభుత్వం బయటి దేశాలకి ఇచ్చే సాయంలో పెద్ద భాగం దీని చేతి మీదుగా వెళ్ళేది. ఆ బొమ్మ అంతకంటే పాతది, యుద్ధం తర్వాత యూరప్‌కి సాయం చేసిన మార్షల్ ప్లాన్ రోజుల డాలు గుర్తు, చేతులు దాని మీద తర్వాత చేరాయి. పైన కూర్చునే ఆయన్ని అడ్మినిస్ట్రేటర్ అనేవాళ్ళు, ప్రెసిడెంట్ పేరు చెప్పేవాడు, సెనేట్ ఒప్పుకోవాల్సి ఉండేది. చివరి ఏళ్ళలో వందకి పైగా దేశాలు, పదివేల మంది పైన ఉద్యోగులు, ఏడాదికి దాదాపు నలభై బిలియన్ డాలర్లు. మన తెలుగు పిక్నిక్కుల్లో ఎవరినైనా అడగండి, అమెరికా బడ్జెట్‌లో ఎంత బయటికి పోతుందని, పాతిక శాతం అంటారు. నిజానికి అది ఒక్క శాతం చుట్టుపక్కలే ఉండేది. నేను చెబితే నమ్మేవాళ్ళు కాదు, చేతిలో బిర్యానీ ప్లేటు పట్టుకుని నన్నే జాలిగా చూసేవాళ్ళు.

నా పని ఫీనిక్స్ అనే అకౌంటింగ్ సిస్టం. ముందు వాషింగ్టన్‌లో పెట్టి, తర్వాత ఒక్కో దేశంలో ఆఫీసుకీ విస్తరించారు. సెప్టెంబర్ 30 వస్తే ఆర్థిక సంవత్సరం ఆఖరు, ఆ వారం కాఫీ మీద బతికేవాళ్ళం. నైరోబీ నుంచి ఒకడు, లీమా నుంచి ఒకడు, నైరోబీ వాళ్ళ పగలు మా రాత్రి.

మా అంతస్తులో కారిడార్ గోడకి మూడు ఫోటోలు ఉండేవి, ప్రెసిడెంట్, విదేశాంగ మంత్రి, అడ్మినిస్ట్రేటర్. పెద్దాయన దిగిపోతే మర్నాడే మూడో ఫోటో తీసేసేవాళ్ళు. మేకు మాత్రం ఉండేది. కొత్త ఆయన వచ్చేదాకా ఆ మేకుని చూస్తూ కాఫీకి వెళ్ళేవాళ్ళం.

నేను చేరాక వచ్చిన మొదటాయన ఆండ్రూ నాట్సియోస్, 2001 మేలో. పాతకాపే, అంతకుముందు విపత్తుల విభాగం చూసినాయన. గ్రీసు మూలాల కుటుంబం, రెండో యుద్ధంలో గ్రీసు కరువుకి వాళ్ళ బంధువు ఒకాయన ఆకలితో పోయాడని చెప్పుకునేవాడు. అందుకని కరువు మాట వస్తే ఆయన కాగితం చూసి మాట్లాడేవాడు కాదు. చార్జి తీసుకున్న నాలుగు నెలలకి సెప్టెంబర్ 11 వచ్చిపడింది, ఆ తర్వాత అంతా అఫ్గానిస్తాన్, ఇరాక్. మాకు ఆయన హయాంలో గుర్తుండేది లోగో. చేతుల పక్కన అమెరికన్ ప్రజల నుంచి అని ఒక మాట చేర్చి, సంచుల దగ్గర్నుంచి జీపుల దాకా అన్నిటి మీదా వేయించాడు. మా మేనేజరు కొత్త విజిటింగ్ కార్డులు పంచుతుంటే నేను, మా ఊళ్ళో ఇది అప్పుడే రాసుండేది అన్నా. ఆయన జోక్ అనుకుని నవ్వాడు.

తర్వాత ఇద్దరు వచ్చారు, వెళ్ళారు. 2009 జనవరిలో ఒబామా వచ్చాక మేకు ఖాళీ. మార్చి అయింది, మే అయింది, ఖాళీనే. ఎవరిని అనుకున్నా వాళ్ళ పుట్టుపూర్వోత్తరాల ఫారాలు, విచారణలు తెమలవు. జూలైలో అప్పటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ మా ఉద్యోగుల మీటింగుకి వచ్చి ఈ పరిశీలన వ్యవహారం పీడకలలా ఉందని అందరి ముందే విసుక్కున్నారు. తాత్కాలికంగా చూసేవాళ్ళు ఉంటారు, పని ఆగదు, కానీ ఇల్లు గలాయన లేని ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. అడిగితే "కొత్తాయన రానీ" అనేవాళ్ళు, అన్నిటికీ అదే జవాబు.

నవంబర్‌లో పేరు బయటికి వచ్చింది. రాజీవ్ షా. ముప్ఫై ఆరేళ్ళు, డాక్టరు, గేట్స్ ఫౌండేషన్‌లో చేసి అప్పటికి వ్యవసాయ శాఖలో ఉన్నాడు. ఇక చూడండి మన వాళ్ళ ఫోన్లు. మనవాడంట కదా, మనవాడంట కదా! ఆయన మిషిగన్‌లో పెరిగిన గుజరాతీ కుటుంబం పిల్లాడు అని చెప్పినా, అయితే ఏం, మనవాడేగా అనేవాళ్ళు. మామయ్య అప్పటికి రిటైరై ఒంగోల్లో ఉన్నాడు. ఆయనకి ఒకటే ప్రశ్న. "చార్జి ఎప్పుడు తీసుకుంటున్నాడు? నిమ్మకాయ ఇస్తావా లేదా?"

ఇక్కడ అట్టాంటివి ఉండవు మామయ్యా, కేకు కోస్తారు అని చెప్పా. అయినా 2010 జనవరి 7 పొద్దున ఎందుకో జయింట్ అనే సరుకుల కొట్లో ఆగి ఒక నిమ్మకాయ కొని కోటు జేబులో వేసుకున్నా. నవ్వుకోండి. ఆరోజు క్లింటన్ గారు ఆయనతో ప్రమాణం చేయించారు, మేం మా అంతస్తులో టీవీలో చూశాం. గదిలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, పిలిప్పీన్స్ ఆవిడ, పెరూ ఆయన, ఇథియోపియా పిల్ల, అందరూ చప్పట్లు. నా జేబులో నిమ్మకాయ. సాయంత్రం దాన్ని డెస్కు సొరుగులో పడేశా.

ఐదు రోజులు. మంగళవారం సాయంత్రం, మేం ఇంటికి బయల్దేరే వేళ, హైతీలో భూకంపం, 7.0. మర్నాడే ఒబామా ఈయన్నే మొత్తం సాయానికి పెద్దగా పెట్టాడు. తన ఆఫీసులో బాత్రూం ఎక్కడుందో కూడా ఇంకా సరిగ్గా తెలియని మనిషి! మామయ్య మాట గుర్తొచ్చింది, ఏ ఫైలు ముందు అడుగుతాడో అని. ఈయన అడగలేదు, ఫైలే ఆయన మీద పడింది.

హైతీ రాజధాని పోర్టొప్రెన్స్ ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్ పనికిరాకుండా పోయింది, ఓడరేవు క్రేన్లు నీళ్ళలో. మా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ఫైర్ వాళ్ళ దగ్గర ఒక రక్షణ దళం ఉంటుంది, కుక్కల్తో సహా, శిథిలాల కింద మనుషుల్ని వెతకడానికి, వాళ్ళని ఏజెన్సీయే పంపింది. మా వీధి చివర ఫైర్ స్టేషన్ నుంచి వెళ్ళినవాళ్ళని టీవీలో చూశాం. ఆఫీసులో ఒక హాలు మొత్తం ఫోన్లు, మ్యాపులు, పగలూ రాత్రీ షిఫ్టులు. నాలాంటి అకౌంట్ల వాళ్ళ పని ఏముందిలే అనుకున్నా గానీ, డబ్బు ఎవరి పద్దులోంచి ఏ కోడ్ మీద కదలాలో తెరిచి పెట్టకపోతే నీళ్ళ సీసా కూడా కదలదు. రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఈ కోడ్ ఎర్రగా చూపిస్తోంది అనేవాళ్ళు. ఆ శనివారం షా గారు క్లింటన్‌తో హైతీ వెళ్ళొచ్చారు. నేను ఆయన్ని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే, లిఫ్టులో, తల ఊపారు, నేనూ ఊపా. మనవాడా కాదా అనేది ఆ నిముషాన గుర్తే రాలేదు, నిద్రలేని మనిషి అనిపించింది, అంతే.

ఫిబ్రవరిలో మంచు పడింది, అట్టాంటి ఇట్టాంటి మంచు కాదు. ఫెడరల్ ఆఫీసులు వరసగా నాలుగు రోజులు మూసేశారు, మెట్రో భూమి లోపల మాత్రమే తిరిగింది. మాకు మూత లేదు. ముందు రోజు వెళ్ళినవాళ్ళం అక్కడే ఉండిపోయాం. కింద ఫుడ్ కోర్టులో ఒక్క లైటూ లేదు. చిప్స్ మెషీన్ రెండో రోజుకి ఖాళీ. విపత్తుల విభాగంలో ఒకావిడ, జుట్టంతా నెరిసింది, ఎన్ని కరువులు ఎన్ని యుద్ధాలు చూసిందో, గొంతు పోయి మాట రాక ఫోన్ పక్కన కూర్చుని సైగలు చేస్తోంది. వేడినీళ్ళు అయితే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చి సొరుగు లాగా. నెల రోజుల నిమ్మకాయ, ముడతలు పడి గోళీలా గట్టిగా ఉంది, పేపర్ కట్టరుతో కోస్తే లోపల రసం ఉంది. నలుగురు కప్పుల్లో పిండుకున్నాం. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆవిడ సైగ చేస్తే, బాస్ కోసం తెచ్చా అన్నా.

మామయ్యకి చెబితే ఫోన్లో నవ్వీ నవ్వీ దగ్గాడు. "మంచిదే చేశావు" అన్నాడు.

హైతీ గురించి ఇంకోటి చెప్పకపోతే నాయన ఊరుకోడు. ఆ మార్చిలో మాజీ ప్రెసిడెంట్ బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, మా చవక బియ్యం పంపి హైతీ రైతుని వరి మానేసేలా చేశాం, తప్పయింది అన్నాడు. తొంభైల్లో వాళ్ళ చేత దిగుమతి సుంకం 3 శాతానికి తగ్గించేశారు, అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం బియ్యం వచ్చి పడింది, పండించేవాడు పట్నం చేరాడు, ఆ పట్నమే కూలింది. ఆ వార్త చదివిన రోజు మా నాయన సోమవారం మజ్జిగ గ్లాసు కళ్ళ ముందు కనపడింది. షా గారు తర్వాత ఫీడ్ ద ఫ్యూచర్ అని రైతుల చేత పండించే వైపు డబ్బు మళ్ళించారు, ఐదేళ్ళు ఉండి 2015లో వెళ్ళారు. అదెంత ఫలించింది అంటే దేశానికో కథ, నేను చూసింది అంకెలే.

ఆయన తర్వాత వచ్చిన గేల్ స్మిత్, మార్క్ గ్రీన్, అందరూ మంచి చదువరులే, వాళ్ళ మీద నాకు పెద్దగా జ్ఞాపకాలు లేవు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక కొత్త పేరుతో కార్యక్రమం పెట్టేవాళ్ళు, మేం సిస్టంలో కొత్త కోడ్ తెరిచేవాళ్ళం, పాత కోడ్ మూసేవాళ్ళం కాదు, ఎందుకంటే పాతదాని మీద ఇంకా ఎవరో ఒకరికి బిల్లు రావాల్సి ఉండేది.

సమంతా పవర్ 2021 మే 3న చార్జి తీసుకున్నారు. అప్పటికి అందరం ఇళ్ళల్లోంచే పని, కొత్త పెద్దావిడ కూడా లాప్‌టాప్ డబ్బాలోనే వచ్చారు. మేకు సంగతి ఏమైందో నాకు తెలియదు. ఇండియాలో సెకండ్ వేవ్ నడుస్తోంది. అంతకు మూడు రోజుల ముందు ఢిల్లీలో అమెరికా మిలటరీ విమానం దిగింది, కాలిఫోర్నియా ఇచ్చిన 440 ఆక్సిజన్ సిలిండర్లు, టెస్ట్ కిట్లు, మాస్కులు. అట్టపెట్టెల మీద అవే చేతులు. ఆ ఫోటో మా ఆఫీసు మెయిల్లో వచ్చింది, అదే రోజు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చింది. దాని కింద మా మేనత్త కొడుకు మెసేజ్. "బావా, మీ ఆఫీసోళ్ళే అంటగా. ఒంగోలుకి ఒకటి రాదా."

మామయ్య ఒంగోల్లో ఒక ఆసుపత్రి వరండాలో ఉన్నాడు అప్పటికి. పిల్లలు సిలిండర్ కోసం చీరాల, మార్కాపురం అన్నీ తిరుగుతున్నారు. నేను స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నా. నాకు ఆ సాయం తాలూకు కోడ్ కనపడుతోంది, దాని మీద ఎన్ని డాలర్లు కదిలాయో కనపడుతోంది. ఏం టైపు చేయాలో తెలియలేదు. చూస్తా అని పెట్టా. ఏం చూస్తాను?

నాలుగో రోజు పోయాడు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది, తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఏడాది తర్వాత రిటైర్ అయ్యా. కాబట్టి 2025లో జరిగినవి నేను లోపల్నుంచి చూడలేదు, పేపర్లో చదివినవాళ్ళకి తెలిసిందే నాకూ తెలుసు. జనవరి 20న సాయం మొత్తం తొంభై రోజులు ఆపమని ఆర్డరు, ఫిబ్రవరి మొదట్లో బిల్డింగ్‌కి రావద్దన్నారు, విదేశాంగ మంత్రి మార్కో రూబియో తానే తాత్కాలిక అడ్మినిస్ట్రేటర్ అని ప్రకటించారు. అదీ చార్జి తీసుకోవడమే. మామయ్య ఉంటే ఏమనేవాడో, మొదటి వారం చూడమన్నాడుగా, మొదటి వారంలోనే తెలిసిపోయింది. గోడ మీద పేరు అక్షరాలు ఊడదీశారు. ఫిబ్రవరి చివర్లో ఉద్యోగుల్ని వంతుల వారీగా పిలిచి, మీ సామాన్లు తీసుకోవడానికి పావుగంట అన్నారు.

నేను వెళ్ళా. పెన్సిల్వేనియా ఎవెన్యూ ఫుట్‌పాత్ మీద జనం, చాలామంది నాలాంటి పాత తలలే. లోపల్నుంచి ఒక్కొక్కరు అట్టపెట్టె పట్టుకుని బయటికి వస్తుంటే చప్పట్లు కొట్టాం. చలి, చేతులు మొద్దుబారిపోయాయి, అయినా కొట్టాం. మా టీంలో ఇంటర్న్‌గా చేరిన ఇథియోపియా పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఒక కుండీ మొక్క, రెండు కప్పులు, గోడ కాలెండర్ పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగి, మీరు వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళారు అని అడిగింది. ఏమీ లేదు, నా డబ్బా ఇంట్లో ఉంది అన్నా. ఆ పిల్లకి అర్థం కాలేదు, చెప్పే టైము కూడా లేదు, వెనకాల ఇంకో మనిషి వస్తున్నాడు. జూలై 1 నుంచి ఏజెన్సీ పని విదేశాంగ శాఖలోకి వెళ్ళిపోయింది.

ఆ డబ్బా మా చెల్లెలి దగ్గర ఉంది ఇప్పుడు. అమ్మ పోయాక సామాన్లు పంచుకునేటప్పుడు నీకు కావాలా అన్నయ్యా అని అడిగింది. అందులో అప్పటికి జంతికలు ఉన్నాయి, కర్మకి వచ్చిన చుట్టాల పిల్లలు తింటున్నారు. ఉండనీలే అన్నా.

ఉప్మా చల్లారిపోయింది ఇదంతా అనుకుంటూ కూర్చుంటే. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు బాగా తక్కువైంది. ఉప్పు డబ్బా ఎదురుగానే ఉంది. వేసుకోలేదు, అట్లాగే తిన్నా.